పదిన్నర బస్సు

ఉదయం పదిన్నరకి హైస్కూలు వెనక గేటు దగ్గర
ఇరవై ముగ్గురిని ఎక్కించుకుంటాను.
పదకొండు మైళ్ళు.
ఎడమ పక్కన ఒహైయో నది,
కుడి పక్కన మూతబడ్డ గాజు ఫ్యాక్టరీ,
తర్వాత మొక్కజొన్న కోసేసిన మోళ్ళు,
రైలు పట్టాలు దాటితే రేకుల కప్పు కింద
టెక్నికల్ సెంటర్.

వెళ్ళేటప్పుడు అందరిదీ ఒకటే వాసన:
సబ్బు, చూయింగ్ గమ్, తీరని నిద్ర.
తిరిగొచ్చేటప్పుడు కళ్ళు మూసుకుని చెప్పగలను
(మూసుకోను లెండి, డ్రైవర్ని)
కాలిన ఇనుము, డాల్టన్.
వేయించిన ఉల్లిపాయ, ట్రెవిన్.
జుట్టుకి వేసే రంగు ఘాటు, ఇమానీ;
బొమ్మ తలకి వేయబోయి మోచేతికి వేసుకుంది.

మా రోజుల్లో దీన్ని మొద్దుల బండి అనేవారు.
నేను ఎక్కలేదు. నాన్న ఎక్కనివ్వలేదు.
పరువు, అన్నాడు.
ఆ పరువుతోనే ఆల్జీబ్రా రెండుసార్లు తప్పాను,
గాజు కొలిమి దగ్గర పందొమ్మిదేళ్ళు మాడాను,
కొలిమి ఆరాక స్టీరింగు పట్టాను.
ఇప్పుడు ఆ మొద్దుల బండే తోలుతున్నాను.
నవ్వుకుంటే నవ్వుకోండి.

డాల్టన్‌కి క్లాసులో మూడు వరుసలు పైకి చదవమంటే
చెమటలు పడతాయట.
అదే డాల్టన్ ముసుగు దించుకుని
కరిగిన లోహపు మడుగుని చదువుతాడు,
దాని అంచు, దాని రంగు, దాని వణుకు.
తొందరపడితే చిల్లు, నీళ్ళు నమిలితే గడ్డ.
ఒకరోజు అతికించిన రెండు రేకులు తెచ్చి
నా ఒళ్ళో పెట్టాడు. ఇంకా వెచ్చగా ఉన్నాయి.
ఏమనాలో తెలియక,
బరువుగా ఉంది, అన్నాను.
అదే పెద్ద మెప్పులా నవ్వాడు.

లేసీ ప్రూయిట్ నర్సు సాయం కోర్సు.
ముప్పై చేతులకి బీపీ చూసి రాసుకురావాలట.
అమ్మమ్మవి రెండు, తమ్ముడివి రెండు,
చర్చిలో పదకొండు అయ్యాయి.
మిస్టర్ గ్లెన్, మీ చెయ్యి అప్పిస్తారా?
అప్పే కదా, ఇచ్చాను.

బస్సు ఇంకా నిండలేదు. ఇంజను ఆపాను.
పట్టీ బిగించింది, గాలి ఊదింది, వదిలింది,
మాట్లాడటం ఆపేసింది.
మళ్ళీ చూసింది.
రెండో చేతికి చూసింది.
పదిహేడేళ్ళ ముఖం నా కళ్ళముందే
ముప్పై ఏళ్ళది అయింది.
ఎంత, అన్నాను.
నూట డెబ్బై ఎనిమిది, కింద నూట నాలుగు.
ఎక్కువా?
అది నేను చెప్పకూడదు, అంది,
చెప్పాల్సినవాళ్ళని తీసుకొస్తాను, మీరు కదలొద్దు.
పరిగెత్తింది. నడిచే మనిషి ఎవరూ అంత త్వరగా వెళ్ళరు,
పరిగెత్తే మనిషి ఎవరూ అంత కుదురుగా వెళ్ళరు.

టీచరమ్మ వచ్చింది, తన పట్టీ కట్టింది.
అంకె మారలేదు.
ఆరేళ్ళలో మొదటిసారి
నా బస్సు తొమ్మిది నిమిషాలు ఆలస్యం.
వెనక సీట్లో ఒక్కడు కూడా కూత కూయలేదు.

చెయ్యి తిరగడం అంటే ఇదేనేమో అనుకున్నాను
ఆ రాత్రి మొదటి మాత్ర మింగుతూ.
నా చెయ్యి స్టీరింగు మీద తిరిగింది,
తిరిగినచోటే తిరిగింది.

లేసీ పరీక్ష తప్పింది. బీపీలో కాదు,
చేతులు కడుక్కోవడంలో.
ఇరవై సెకన్లకి పదమూడే కడిగిందట.
అంత పెద్ద అంకె చూసి వణకని పిల్ల
సబ్బు దగ్గర ఓడిపోయింది.
మళ్ళీ మార్చిలో రాస్తుంది.

ఇవాళ కిటికీ పక్కన కూర్చుని
నీళ్ళు లేకుండా, సబ్బు లేకుండా
చేతులు గాల్లో రుద్దుకుంటోంది,
వేళ్ళ సందులు, గోళ్ళు, మణికట్టు.
రైలు పట్టాల ముందు రూలు ప్రకారం బస్సు ఆపాను.
తలుపు తెరిచాను. విన్నాను.
అటూ లేదు, ఇటూ లేదు రైలు.

పద్నాలుగు, పదిహేను అంటోంది లేసీ పెదవులతో.
ఇరవై అయ్యేదాకా
బ్రేకు మీంచి కాలు తీయలేదు.